అటెండెన్స్ పాయింట్లు దాటాయని తీసేశారు, "మిస్‌కాండక్ట్" (దుష్ప్రవర్తన) అని అన్‌ఎంప్లాయ్‌మెంట్ (ఉద్యోగం పోతే వచ్చే భృతి) కూడా రాదంటున్నారు. టెక్సస్‌లో అప్పీల్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

ఇర్వింగ్_అమ్మాయి

అందరికీ నమస్తే. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మా ఆయనది హెచ్1బీ ఉద్యోగ వీసా, నాది హెచ్4 ఈఏడీ, అంటే భార్యగా వచ్చిన వీసా మీద పని చేసుకునే పర్మిట్ కార్డు. ఒక వేర్‌హౌస్‌లో క్వాలిటీ చెకింగ్ పని చేసేదాన్ని, కంపెనీ పేరు ఇక్కడ రాయను. అక్కడ అటెండెన్స్‌కి పాయింట్ల పద్ధతి. లేటయితే అర పాయింటు, రాకపోతే ఒక పాయింటు, లిమిట్ దాటితే ఉద్యోగం పోతుంది. చలికాలంలో ఇంట్లో ఒకటే కారు ఉండటం వల్ల కొన్నిసార్లు పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. దానికి కాగితం మీద వార్నింగ్ ఇచ్చారు, సంతకం పెట్టాను. ఆ తర్వాత రెండో కారు కొన్నాం, టైమ్‌కే వెళ్తున్నాను.

పోయిన నెల మా బాబుకి రాత్రంతా జ్వరం, 103 దాటింది. పొద్దున షిఫ్ట్ మొదలవకముందే అటెండెన్స్ లైన్‌కి ఫోన్ చేశాను, సూపర్‌వైజర్‌కి మెసేజ్ కూడా పెట్టాను, సరే బాబుని చూసుకో అని ఆయన జవాబు కూడా ఇచ్చారు. మర్నాడు డాక్టర్ నోట్ తీసుకెళ్లి ఇచ్చాను. తర్వాతి వారం హెచ్ఆర్ వాళ్లు పిలిచి, ఆ రోజుతో పాయింట్లు దాటాయి అని చెప్పి పంపించేశారు.

అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేశాను. ఇప్పుడు లెటర్ వచ్చింది, పనికి సంబంధించిన మిస్‌కాండక్ట్ వల్ల తీసేశారు కాబట్టి బెనిఫిట్స్‌కి అర్హత లేదు అని. ఆ మాట చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నేను దొంగతనం చేయలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. పిల్లాడికి జ్వరం వస్తే ఇంట్లో ఉండటం మిస్‌కాండక్ట్ ఎలా అవుతుంది? అప్పీల్ చేద్దామంటే మా ఆయన, వదిలెయ్, రేపు గ్రీన్ కార్డ్‌కి అడ్డం వస్తుందేమో అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారి_ఒడ్డు

చెల్లెమ్మా, ముందు ఆ లెటర్ మీద ఉన్న తేదీ చూడు. టెక్సస్‌లో అప్పీల్‌కి గడువు 14 రోజులు, అది నీ చేతికి అందిన రోజు నుంచి కాదు, టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ (ఇక్కడ అన్‌ఎంప్లాయ్‌మెంట్ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు పోస్ట్ చేసిన తేదీ నుంచి. శని ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. మిగతా విషయాలన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు, ఈ గడువు దాటితే నీ వైపు ఎంత న్యాయం ఉన్నా వినేవాళ్లు ఉండరు. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫ్యాక్స్ చేయొచ్చు, పోస్ట్‌లో పంపొచ్చు, లేదా దగ్గర్లోని వర్క్‌ఫోర్స్ సొల్యూషన్స్ (ఉద్యోగ సేవల) ఆఫీసుకి వెళ్లి ఇవ్వొచ్చు. ఫోన్‌లో చెప్తే అప్పీల్ కింద లెక్క కాదు, ఈమెయిల్ కూడా కాదు. అప్పీల్‌లో పెద్ద వ్యాసం రాయక్కర్లేదు, ఈ నిర్ణయాన్ని నేను ఒప్పుకోవడం లేదు, హియరింగ్ (విచారణ) కావాలి అని రాస్తే చాలు.

నేను చాలా ఏళ్లు ఇక్కడ పేరోల్, హెచ్ఆర్ పనిలో ఉన్నాను, కంపెనీ తరఫున ఇలాంటి హియరింగ్స్‌లో కూర్చున్నాను, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నా.

మన వాళ్లు దాదాపు అందరూ రెండు ప్రశ్నల్ని కలిపేసుకుంటారు. కంపెనీకి నిన్ను తీసేసే హక్కు ఉందా అనేది ఒకటి. తీసేసిన తర్వాత నీకు అన్‌ఎంప్లాయ్‌మెంట్ రావాలా వద్దా అనేది పూర్తిగా వేరే. మొదటిదానికి టెక్సస్‌లో జవాబు దాదాపు ఎప్పుడూ "ఉంది" అనే, ఇక్కడ ఎట్-విల్ పద్ధతి కాబట్టి కారణం చెప్పకుండా కూడా పంపించేయొచ్చు. కానీ బెనిఫిట్స్ ఆపాలంటే మిస్‌కాండక్ట్ జరిగిందని కంపెనీ రుజువు చేయాలి, ఆ బరువు వాళ్ల మీదే ఉంటుంది, నీ మీద కాదు. పాయింట్ల లిమిట్ దాటింది అనేది కంపెనీ తన కోసం పెట్టుకున్న లెక్క, చట్టంలో ఎక్కడా పాయింట్లు లేవు.

చట్టంలో ఏముందంటే, టెక్సస్ లేబర్ కోడ్ 201.012 సెక్షన్‌లో మిస్‌కాండక్ట్ అంటే చేసిన దానివల్లో చేయకపోవడం వల్లో పనిని పాడుచేయడం, ఇతరుల ప్రాణానికో ఆస్తికో ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యం, తెలిసి తెలిసి చేసిన తప్పు, కావాలని చట్టాన్ని ఉల్లంఘించడం, పని సక్రమంగా సాగడానికీ భద్రతకీ పెట్టిన రూల్‌ని మీరడం, ఇలా చెప్పారు. ఆ చివరిదాన్ని పట్టుకునే కంపెనీలు అటెండెన్స్ కేసుల్ని నడిపిస్తాయి. అయితే టెక్సస్ సుప్రీం కోర్టు 1986లో మెర్సర్ వర్సెస్ రాస్ కేసులో, పని సరిగ్గా చేయలేకపోవడం ఒక్కటే మిస్‌కాండక్ట్ కాదు, ఉద్దేశమైనా ఉండాలి, లేదా ఏమైతే నాకేంటి అన్నంత నిర్లక్ష్యమైనా కనపడాలి అని చెప్పింది. అది పనిలో వైఫల్యం గురించిన కేసే, అయినా హియరింగ్ ఆఫీసర్లు మొత్తం మీద వెతికేది ఇదే, ఆ మనిషి చేతిలో ఉన్న విషయమా కాదా.

ఇంకా ముఖ్యం, వాళ్లు ప్రధానంగా చూసేది ఆఖరి సంఘటనని. తీసేయడానికి కారణమైన ఆ చివరి రోజు ఏం జరిగింది, ఆ రోజు నీ ప్రవర్తనలో తప్పుందా అని. పాత వార్నింగులు ఆ చివరి సంఘటనకి బలం ఇస్తాయి అంతే, చివరిది తప్పు కాకపోతే పాతవాటిని పోగేసి మిస్‌కాండక్ట్ చేయడం కష్టం. నీ విషయంలో చివరిది ఏంటి? పిల్లాడికి జ్వరం, షిఫ్ట్‌కి ముందే ఫోన్, మెసేజ్, డాక్టర్ నోట్. ఒంట్లో బాగోకో ఇంట్లో పిల్లలకి బాగోకో రాలేక, కంపెనీ చెప్పిన పద్ధతిలోనే కబురు చేసినవాళ్లని మిస్‌కాండక్ట్ అనడం మామూలుగా నిలబడదు. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ పాత తీర్పుల మాన్యువల్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు, అందులో గైర్హాజరు మీద ప్రత్యేకంగా ఒక భాగం ఉంది, హియరింగ్‌కి ముందు తప్పకుండా చదువు. నా ఉద్దేశంలో నువ్వు అప్పీల్ చేయాల్సిందే.

ప్లానో_రెడ్డి

అమ్మా, హెచ్4 మీద ఉండి గవర్నమెంట్ డబ్బు తీసుకోవడం రిస్క్. పబ్లిక్ చార్జ్ అని ఒకటుంది, ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లకి గ్రీన్ కార్డ్ ఇవ్వకపోవచ్చు అనే రూల్. మీ ఆయన చెప్పిందే కరెక్ట్, ఇంకో జాబ్ చూసుకోండి.

బే_ఏరియా_శాంతి

ప్లానో_రెడ్డి గారూ, ఈ భయం మన వాళ్లలో బాగా పాకిపోయింది, దీనివల్ల హక్కుగా రావాల్సినవి వదిలేసుకుంటున్నారు, అందుకే గట్టిగా చెప్తున్నాను. అన్‌ఎంప్లాయ్‌మెంట్ సంక్షేమ సాయం కాదు, ఇన్సూరెన్స్. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతా వచ్చింది. ఆమె పనిచేసినంత కాలం ఆ కంపెనీ ఆమె జీతం మీద ఈ ఇన్సూరెన్స్ కోసం ట్యాక్స్ కట్టింది. పబ్లిక్ చార్జ్ విషయంలో 1999 గైడెన్స్ గానీ 2022 రూల్ గానీ అన్‌ఎంప్లాయ్‌మెంట్‌ని లెక్కపెట్టలేదు, అది సంపాదించుకున్న బెనిఫిట్ అనే చూశారు. ఇమ్మిగ్రేషన్ రూల్స్ మారుతుంటాయి కాబట్టి గ్రీన్ కార్డ్ ఫైల్ చేసే ముందు మీ లాయర్‌ని ఒక మాట అడగండి, అంతేగానీ పుకార్లు విని 14 రోజులు పోగొట్టుకోవద్దు.

వీసా వల్ల నిజంగా ఇబ్బంది వచ్చేది హెచ్1బీ వాళ్లకి. ఎందుకంటే అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకునే ప్రతి వారం, ఎవరు పిలిచినా పనికి వెళ్లగలిగే స్థితిలో ఉన్నాను అని చెప్పాలి. హెచ్1బీ పర్మిషన్ ఒక కంపెనీకి కట్టేసి ఉంటుంది, ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గ్రేస్ పీరియడ్ ఉన్నా ఆ రోజుల్లో ఎక్కడ పడితే అక్కడ పని చేయడానికి లేదు, అందుకే వాళ్లకి మామూలుగా రాదు. హెచ్4 ఈఏడీ అలా కాదు, కార్డు చెల్లుబాటులో ఉన్నంతవరకు ఏ కంపెనీలోనైనా చేరొచ్చు. ఇర్వింగ్_అమ్మాయి గారూ, మీ ఈఏడీ గడువు మాత్రం ఒకసారి చూసుకోండి, రెన్యువల్ దగ్గరపడి ఉంటే అది వేరే సమస్య అవుతుంది.

ఇక మిస్‌కాండక్ట్ సంగతి. నేను కాలిఫోర్నియాలో ఉంటాను, ఇక్కడి రూల్స్ వేరు, అప్పీల్‌కి 30 రోజులు ఇస్తారు, పైగా ఇక్కడి అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ చట్టం 1256 సెక్షన్ ప్రకారం మిస్‌కాండక్ట్ లేదనే అనుకుని మొదలుపెడతారు. చాలా రాష్ట్రాల ఆలోచనకి మూలం విస్కాన్సిన్‌లో 1941లో వచ్చిన బాయింటన్ క్యాబ్ తీర్పు, యాక్సిడెంట్లు చేశాడని తీసేసిన ఒక ట్యాక్సీ డ్రైవర్ కేసు. కంపెనీ మేలుని లెక్కచేయకుండా కావాలని చేసింది మాత్రమే మిస్‌కాండక్ట్, చేతకాకపోవడం, ఎప్పుడో ఒకసారి జరిగిన ఏమరుపాటు, మంచి ఉద్దేశంతో తీసుకున్న తప్పు నిర్ణయం ఇవి కావు అని అందులో గీత గీశారు. మా దగ్గర 1984లో అమడోర్ కేసులో ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ, ఈ పనికి నాకు తగిన శిక్షణ లేదు, నేను చేస్తే పేషెంట్లకి ప్రమాదం అని ఒక పని చేయనంది. మాట వినలేదని తీసేశారు. కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఆమెకి బెనిఫిట్స్ ఇవ్వాలంది, ఎందుకంటే ఎదురు చెప్పినా దానికి నిజాయితీ గల కారణం ఉంది. నాకు ఈ తీర్పంటే చాలా గౌరవం. కంపెనీ మాట కాదన్న ప్రతివాళ్లూ తప్పు చేసినట్టు కాదని అంత స్పష్టంగా చెప్పడం చిన్న విషయం కాదు.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది, అది మర్చిపోకండి. ఫ్లోరిడాలో అయితే 2011లో నిర్వచనాన్ని బాగా బిగించేశారు, ఆఫీసు బయట, డ్యూటీ లేని టైమ్‌లో చేసినదాన్ని కూడా మిస్‌కాండక్ట్ కింద చూడొచ్చు. వేరే రాష్ట్రంలో ఉన్న చుట్టాలు, మాకు వచ్చింది మీకూ వస్తుంది అంటే నమ్మేయకండి.

హ్యూస్టన్_స్టోర్

నేను రెండో వైపు నుంచి చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. హ్యూస్టన్‌లో మాకు గ్రాసరీ స్టోర్ ఉంది. ఎవరైనా క్లెయిమ్ వేస్తే మాకు నోటీసు వస్తుంది, వాళ్లకి బెనిఫిట్స్ వస్తే ఆ భారం మా అకౌంట్ మీద పడి తర్వాత ట్యాక్స్ రేటు పెరగొచ్చు. అందుకే కంపెనీలు ఎదురు వాదిస్తాయి, అందులో వ్యక్తిగత కోపం ఏమీ ఉండక్కర్లేదు. పెద్ద కంపెనీలైతే ఈ పనికి బయట సంస్థల్ని పెట్టుకుంటాయి, వాళ్లు వచ్చిన ప్రతి క్లెయిమ్‌నీ ఒకే మూసలో ఎదుర్కొంటారు. మీ లెటర్‌లో ఉన్న మాటలు కూడా అలా వచ్చినవే అయ్యుండొచ్చు, మిమ్మల్ని చూసి రాసినవి కావు.

అలాగని మిస్‌కాండక్ట్ అనేది లేనిదేం కాదు. క్యాష్ కౌంటర్ నుంచి డబ్బు తీయడం, రాని గంటలు టైమ్‌షీట్‌లో వేసుకోవడం, ఫోన్ కూడా చేయకుండా షిఫ్ట్‌కి రాకపోవడం, తాగి రావడం, కస్టమర్ మీద చేయి చేసుకోవడం, ఇలాంటివి మామూలుగా నిలబడతాయి, నిలబడాలి కూడా. నాతోపాటు మిగతా పనివాళ్లూ వీటివల్ల నష్టపోతారు. ఒకతను చెప్పాపెట్టకుండా మానేసి, తర్వాత క్లెయిమ్ వేస్తే మేం రూల్ కాగితం, వార్నింగులు, ఆ రోజు షెడ్యూల్ అన్నీ పెట్టాం, అతనికి రాలేదు. టెక్సస్‌లో ఒకసారి మిస్‌కాండక్ట్ అని తేలితే మళ్లీ పనిలో చేరి ఆరు వారాలు చేసేదాకా, లేదా వారపు బెనిఫిట్‌కి ఆరు రెట్లు సంపాదించేదాకా ఏమీ రాదు. అందుకని దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

మీరు చెప్పింది చెప్పినట్టే అయితే, షిఫ్ట్‌కి ముందు చేసిన ఆ ఫోన్ రికార్డు మీకు అన్నిటికంటే ముఖ్యం. నేనే ఆ కంపెనీ ఓనర్‌నైతే ఆ మెసేజ్ చూశాక వాదించను.

ఇర్వింగ్_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్, ఏడుపొచ్చింది చదువుతుంటే. ఈఏడీకి ఇంకా టైమ్ ఉంది. లెటర్ తేదీ చూశాను, గడువు లోపలే ఉన్నాను, ఈ రాత్రే ఆన్‌లైన్‌లో అప్పీల్ పెడుతున్నా. మా ఆయనకి కూడా ఇవన్నీ చదివించాను.

రెండు అనుమానాలు. చేరినప్పుడు హ్యాండ్‌బుక్ మీద సంతకం పెట్టాను, పాయింట్ల రూల్ ఒప్పుకున్నట్టే కదా, దాంతో కేసు పోతుందా? రెండోది, హియరింగ్ అంటే కోర్టుకి వెళ్లాలా? నా ఇంగ్లీష్ పనికి సరిపోయేది గానీ ప్రశ్న మీద ప్రశ్న వేస్తే తడబడతాను.

పటాన్‌చెరు_యూనియన్

అక్కా, నేను ఇక్కడ పటాన్‌చెరులో ఫ్యాక్టరీలో చేస్తాను, తమ్ముడు అక్కడ ఉన్నాడు కాబట్టి ఈ గ్రూప్ చూస్తుంటా. మన దగ్గర కూడా ఇదే పేచీ ఉందని చెప్పడానికి రాస్తున్నా, ఎందుకంటే ఇక్కడ చాలామందికి అసలు ఈ పథకం ఉన్నట్టే తెలీదు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు రోజు జీతంలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు, అదీ జీవితంలో ఒక్కసారే. 2018లో 25 శాతంతో మొదలైంది, 2020లో 50 శాతం చేశారు, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. అందులోనూ దుష్ప్రవర్తనకి శిక్షగా ఉద్యోగం పోయినవాళ్లకి వర్తించదు అనే షరతు ఉంది. కాబట్టి ఇక్కడివాళ్లకి నా సలహా, మేనేజ్‌మెంట్ ఇచ్చే రిలీవింగ్ కాగితంలో కారణం ఏమని రాశారో చదవకుండా సంతకం పెట్టొద్దు. చార్జిషీట్, విచారణ లేకుండా మాటవరసకి తప్పు చేశాడని రాసేస్తే అక్కడికక్కడే అడగాలి, యూనియన్ ఉంటే యూనియన్‌కి చెప్పాలి.

గోదారి_ఒడ్డు

తమ్ముడు చెప్పిన కాగితం మాట అమెరికాలో కూడా నిజమే. ఇక్కడ కొన్ని కంపెనీలు, నువ్వే రాజీనామా చెయ్, రికార్డు శుభ్రంగా ఉంటుంది అంటాయి. రాజీనామా చేయకపోతే తీసేస్తాం అని చెప్పి చేయిస్తే టెక్సస్‌లో దాన్ని మామూలుగా తీసేసినట్టే చూస్తారు, కానీ అలా చెప్పారని నువ్వు చూపించగలగాలి. వ్యక్తిగత కారణాలతో మానేస్తున్నాను అని నీ చేత్తో రాసిచ్చేస్తే తర్వాత చాలా కష్టం. చెల్లెమ్మకి ఈ సమస్య లేదు గానీ ఇది చదివే వేరేవాళ్లకి పనికొస్తుందని రాశాను.

ఇక నీ ప్రశ్నలు. హ్యాండ్‌బుక్ మీద సంతకం పెట్టడం అంటే రూల్ ఉందని నీకు తెలుసు అని అర్థం, అంతే. కంపెనీకి అది కావాల్సిన ఒక ముక్క మాత్రమే, ఆ రూల్‌ని నీ తప్పు వల్ల మీరావని మిగతాది వాళ్లే చూపించాలి. సంతకం పెట్టలేదని మాత్రం చెప్పకు. పాత ఆలస్యాల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు ఒప్పుకో, వార్నింగ్ తర్వాత సరిచేసుకున్నానని చెప్పు. అబద్ధం చెప్పి తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలి, దాని మీద 15 శాతం పెనాల్టీ, ఇంకా పెద్ద చిక్కులు. నీకు అబద్ధం అవసరమే లేదు.

కోర్టు అక్కర్లేదు. అప్పీల్ ట్రిబ్యునల్ హియరింగ్ మామూలుగా ఫోన్‌లోనే జరుగుతుంది, ప్రమాణం చేయించి హియరింగ్ ఆఫీసర్ ప్రశ్నలు అడుగుతారు, కంపెనీవాళ్లూ అదే లైన్‌లో ఉంటారు. హియరింగ్ నోటీసు వచ్చాక అందులో ఉన్నట్టు సరిగ్గా చేసి లైన్‌లో ఉండాలి, అప్పీల్ చేసినవాళ్లే రాకపోతే కొట్టేస్తారు. తెలుగు దుబాసీ కావాలని ముందే అడుగు, ఫీజేమీ ఉండదు. అడిగితే ఇంగ్లీష్ రాదనుకుంటారేమో అని మొహమాటపడొద్దు, నాకు తెలిసినవాళ్లలో బాగా ఇంగ్లీష్ వచ్చినవాళ్లు కూడా ప్రమాణం చేసి మాట్లాడాల్సి వచ్చేసరికి తికమకపడ్డారు.

కాగితాలు హియరింగ్‌కి ముందే ఆఫీసర్‌కీ కంపెనీకీ ఇద్దరికీ పంపాలి, ఆ రోజు ఫోన్‌లో నా దగ్గర ఉంది అంటే సరిపోదు. ఆ పొద్దుటి కాల్ లాగ్, సూపర్‌వైజర్ మెసేజ్ స్క్రీన్‌షాట్ తేదీ టైమ్ కనపడేలా, డాక్టర్ నోట్, వార్నింగ్ కాగితం, తీసేసిన లెటర్. హ్యాండ్‌బుక్ కాపీ ఉంటే అటెండెన్స్ పేజీ కూడా పెట్టు, ఎందుకంటే చాలా హ్యాండ్‌బుక్‌లలో డాక్టర్ నోట్ ఇస్తే పాయింటు వేయకూడదని వాళ్లే రాసుకుంటారు, చూసుకో. కంపెనీ తరఫున వచ్చేది చాలాసార్లు ఆ రోజు అక్కడ లేని హెచ్ఆర్ మనిషి. కళ్లారా చూసిన నీ మాటకి, ఫైల్ చూసి చదివే వాళ్ల మాటకంటే ఎక్కువ విలువ ఉంటుంది. సూపర్‌వైజర్ ఏమన్నాడో, ఫోన్ ఎప్పుడు చేశావో నువ్వు సూటిగా చెప్పాలి. కంపెనీ అన్యాయం, మేనేజర్ పక్షపాతం, ఇవి ఎంత నిజమైనా వాటి మీద టైమ్ పోగొట్టుకోవద్దు, ఆ ఆఖరి రోజు చుట్టూనే మాట్లాడు.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. అప్పీల్ నడుస్తున్నన్ని రోజులు కూడా రెండు వారాలకి ఒకసారి పేమెంట్ రిక్వెస్ట్ (ఆ వారాలకి బెనిఫిట్ ఇవ్వమని అడగడం) పెడుతూనే ఉండాలి, ఉద్యోగం వెతుకుతున్న లాగ్ రాస్తూనే ఉండాలి. డబ్బు రావడం లేదు కదా అని ఆపేస్తే, రేపు నువ్వు గెలిచినా పెట్టని వారాలకి ఇవ్వరు. ట్రిబ్యునల్‌లో ఓడిపోతే మళ్లీ 14 రోజుల్లో కమిషన్‌కి వెళ్లొచ్చు, ఆ తర్వాత కోర్టు.

ఇర్వింగ్_అమ్మాయి

అన్నయ్యా, అప్పీల్ పెట్టేశాను, కన్ఫర్మేషన్ పేజీ సేవ్ చేసుకున్నాను. పేమెంట్ రిక్వెస్ట్ సంగతి మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, ఈ వారం పెట్టాల్సింది ఉంది, ఇప్పుడే పెడుతున్నా. హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ పాత మెయిల్‌లో దొరికింది, అటెండెన్స్ పేజీ మా ఆయన చదువుతున్నారు. హియరింగ్ నోటీసు రాగానే ఇక్కడే రాస్తాను.